తర్కవిద్యయు, దానిని పోషించిన వారును

కావ్యము చదివినవాని చుట్టు పదుగురు చేరుదురు. జ్యోతిషము చదివినవాని వాకిట ముహూర్తముల కొఱకు జనులు నిలుతురు. వైద్యము చదివినవానిని అర్ధరాత్రమున సైతము తలుపు తట్టి లేపుదురు. తర్కము చదివినవాని యొద్దకు మఱియొక తార్కికుడు తప్ప ఎవ్వరును రారు. అయినను మన పూర్వులు ఆ శాస్త్రమును విడిచిపెట్టలేదు. తర్కవ్యాకరణములు తక్కిన విద్యలకు కన్నులవంటివని యెంచి, కావ్యపాఠము ముగిసిన బుద్ధిమంతుని ఎనిమిది పదియేండ్లు గురుసన్నిధిని కూర్చుండబెట్టి, ఆ రెంటిని అభ్యసింపజేసిరి.

ఇట్టి విద్య యేల పుట్టినది, ఎవరు చదివిరి, ఎవరి యన్నము తిని చదివిరి అను మూడు ప్రశ్నలకు ఈ వ్యాసమున సమాధానము చెప్ప బూనుకొంటిని. సంస్కృతపు తరగతులలో ముప్పదియేండ్లు గడపిన నాకు ఈ మూడవ ప్రశ్నయే ముఖ్యమని తోచుచున్నది. ఏలయన, శాస్త్రము గొప్పదని చెప్పువారికి మనలో కొఱత లేదు. అది యే బలమున నిలిచినదో విచారించువారు మాత్రము అరుదు.

మొదట శాస్త్రవిషయము. ఒకడు మాటాడగా మఱియొకడు వినును. విన్నవానికి అర్థజ్ఞానము కలుగును. ఈ జ్ఞానము ఎట్లు కలిగినది? దీనినే మనవారు శాబ్దబోధ మనిరి. పదములు వరుసగా చెవిని పడినంత మాత్రమున వాక్యార్థము తెలియదు. ‘ఆవు, గుఱ్ఱము, మనుష్యుడు, ఏనుగు’ అని నాలుగు పదములు పలికినచో ఒకదానితో నొకటి పొసగదు. కావున పదమునకు పదముతో ఆకాంక్ష వలయును. ‘నిప్పుతో తడుపుచున్నాడు’ అన్నచో ఆకాంక్ష యున్నను, తడుపుటకు నిప్పు సాధనము కాజాలదు గనుక యోగ్యత లేదు. ‘ఆవును’ అని ప్రొద్దున పలికి ‘తెమ్ము’ అని సాయంకాలము పలికినచో సన్నిధి లేదు. భోజనమునకు కూర్చున్నవాడు ‘సైంధవము తెమ్ము’ అన్నచో ఉప్పు తేవలయునే కాని సింధుదేశపు గుఱ్ఱమును తేరాదు. ఇది తాత్పర్యము వలన తెలియదగినది. ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి, తాత్పర్యము అను ఈ నాలుగు మాటలలో ఎంత విచారము దాగియున్నదో, వ్యాజ్యపు కాగితములు చదివినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇక ఒక చిన్న వాక్యమును గైకొందము. ‘చైత్రుడు గ్రామమునకు పోవుచున్నాడు.’ ఇందు ముఖ్యముగ తెలియునది యేది? నైయాయికుడు కర్తయే ముఖ్యమనును. గ్రామమునకు పోవుటకు అనుకూలమగు ప్రయత్నము గలవాడు చైత్రుడు అని అతని వివరణము. వైయాకరణుడు అంగీకరింపడు. చైత్రుడు కర్తగాను గ్రామము కర్మగాను గలిగి, ఇప్పుడు జరుగుచున్న గమనవ్యాపారమే ముఖ్యము, తక్కినవన్నియు దానికి విశేషణములే యని అతని మతము. మీమాంసకుడు క్రియాప్రత్యయము వలన తెలియు భావనయే ప్రధాన మనును. మూడు పదముల వాక్యముపై మూడు శాస్త్రములు వందలకొలది సంవత్సరములు వాదించినవి. ఇది పనిలేని వారి పని యని నవ్వువారు కలరు. అయితే వాక్యమునకు తల యేది, కాలేది యని తెలియక ఆజ్ఞలను, ఒడంబడికలను, ధర్మశాస్త్రమును చదువువాడు చీకటిలో తడవుకొనువానివంటివాడు.

ఈ విచారమునకు మూలములు మిక్కిలి ప్రాచీనములు. గౌతముని న్యాయసూత్రములు, వాటిపై వాత్స్యాయనుని భాష్యము, ఉద్ద్యోతకరుని వార్తికము, వాచస్పతిమిశ్రుని తాత్పర్యటీక, క్రీ. శ. పదవ శతాబ్ది చివరను వెలసిన ఉదయనాచార్యుని గ్రంథములు, ఇవి ప్రాచీనన్యాయమునకు స్తంభములు. బౌద్ధ తార్కికులగు దిఙ్నాగ ధర్మకీర్తులతో జరిగిన వాదోపవాదములచేతనే ఈ గ్రంథములకు పదును కలిగినది. ప్రతివాది లేనిచో న్యాయశాస్త్రము ఇంతగా వృద్ధి పొందియుండదు. భాషావిషయమున భర్తృహరి వాక్యపదీయము వ్యాకరణమును దర్శనస్థాయి కెత్తినది. కుమారిలభట్టు మతము వారు పదములు ముందుగా తమ యర్థములను తెలుపగా పిదప ఆ యర్థములు కలియుననిరి. ప్రభాకరుని మతము వారు పదములు మొదటినుండియు అన్వితమైన యర్థమునే తెలుపుననిరి. పిల్లవాడు మాటలు నేర్చుకొను విధమే ఈ వాదమునకు ఆధారము. పెద్దవాడు ‘ఆవును తెమ్ము’ అనగా ఒకడు ఆవును తెచ్చును. ‘గుఱ్ఱమును తెమ్ము’ అనగా గుఱ్ఱమును తెచ్చును. చూచుచున్న బాలుడు ఒక మాట మాఱగా వస్తువు మాఱుట గమనించి పదములను విడదీసికొనును. ఊయెల విడిచిన బిడ్డనుండి శాస్త్రమును నేర్చిన మన పండితుల చూపు ఎంత సూక్ష్మమైనదో గమనింపుడు.

పదునాలుగవ శతాబ్దియందు మిథిలలో గంగేశోపాధ్యాయుడు తత్త్వచింతామణిని రచించెను. ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ఖండముల గ్రంథ మది. అప్పటినుండి నవ్యన్యాయ మను పేర క్రొత్త శకము పుట్టినది. వాక్యమున ఏది విశేష్యము, ఏది విశేషణము, ఆ రెంటికి సంబంధమేది, ఆ సంబంధమునకు హద్దు గీయునదేది యని నిష్కర్షగా చెప్పుటకు ఒక పరిభాష యేర్పడినది. అవచ్ఛేదకము, ప్రతియోగి, అనుయోగి, నిరూపితము అను మాటలు వినగనే కొందఱకు తల తిరుగును. కాని బంగారు తూచు త్రాసు కూరగాయల యంగడికి వింతగా తోచినంత మాత్రమున అది త్రాసు కాకపోదు.

మిథిలనుండి ఈ విద్య వంగదేశమునందలి నవద్వీపమునకు వచ్చినది. మిథిలా పండితులు గ్రంథములకు ప్రతులు వ్రాసికొన నీయరైరనియు, వాసుదేవ సార్వభౌముడు సర్వమును కంఠస్థము చేసికొని వచ్చి నవద్వీపమున పాఠము చెప్పెననియు ఒక ఐతిహ్యము కలదు. ఐతిహ్యము నెంతవఱకు నమ్మవలయునో చారిత్రకులు చూచుకొందురు గాక. వాసుదేవుని శిష్యుడుగా ప్రసిద్ధుడైన రఘునాథ శిరోమణి చింతామణిపై దీధితి యను వ్యాఖ్య రచించి గురువులను మించెను. అతడు పదార్థతత్త్వనిరూపణమను చిన్న గ్రంథమున, వైశేషికులు తరతరములుగా నమ్మిన పదార్థములలో కొన్నింటిని త్రోసివేసి, కొన్నింటిని క్రొత్తగ చేర్చెను. సంప్రదాయమునందు కూర్చుండియే సంప్రదాయమును ప్రశ్నించు స్వాతంత్ర్యము ఈ విద్యకు ప్రాణము. పిదప జగదీశ తర్కాలంకారుడు శబ్దశక్తిప్రకాశికను, గదాధర భట్టాచార్యుడు వ్యుత్పత్తివాద శక్తివాదములను రచించి, భాషావిచారమును శిఖరమున కెక్కించిరి.

ఆంధ్రులకును ఈ చరిత్రయందు భాగము కలదు. కావ్యవ్యాఖ్యాతగా ఇంటింట తెలిసిన కోలాచల మల్లినాథసూరి వరదరాజుని తార్కికరక్షకు సైతము వ్యాఖ్య వ్రాసెను. విజయనగర ప్రభువగు రెండవ హరిహరరాయల కాలమున చెన్నుభట్టు కేశవమిశ్రుని తర్కభాషకు ప్రకాశికను రచించెను. వీరందఱికంటెను లోకమెల్ల ఎఱిగినవాడు అన్నంభట్టు. పదునేడవ శతాబ్దివాడని పండితులు నిర్ణయించు ఈ యాంధ్రుడు బాలుర సుఖబోధకై తర్కసంగ్రహమును, దానిపై దీపికను రచించెను. నేటికిని కాశియందుగాని, పూనాయందుగాని, కేరళమునందుగాని తర్కము ప్రారంభించు విద్యార్థి మొట్టమొదట చేత పట్టునది ఈ తెలుగువాని పుస్తకమే. అతడే వ్యాకరణ మహాభాష్యప్రదీపమునకు ఉద్ద్యోతనమను వ్యాఖ్యను వ్రాసెను. తర్కము, శబ్దశాస్త్రము వేఱువేఱు గదులు కావనియు, ఒకే యింటి రెండు ద్వారములనియు అతని జీవితమే చాటుచున్నది. కాశికి పోయినంత మాత్రమున ఎవ్వడును అన్నంభట్టు కాజాలడని పండితులలో ఒక సామెత పుట్టినదన్న, ఆ పేరునకు గల గౌరవమెంతటిదో ఊహింపవచ్చును.

ఇక రెండవ ప్రశ్నకు వత్తము. ఎవరు చదివిరి? ఇందులకు ఊహలతో పనిలేదు. క్రీ. శ. 1829లో హొరేసు హేమను విల్సను నవద్వీపమును దర్శించి వ్రాసిన వృత్తాంతము 1835లో విలియము ఆడము వంగదేశ విద్యను గూర్చి సమర్పించిన నివేదికయందు చేరియున్నది. అప్పుడచ్చట సుమారు 25 పాఠశాలలుండెను. వానిని టోలులందురు. పండితుడు పాఠము చెప్పుటకు ఒక పూరిపాక, విద్యార్థులు నివసించుటకు మట్టిగోడల గుడిసెలు రెండు మూడు వరుసలు, ఇదియే టోలు. ఒక్కొక్క గురువు నొద్ద సామాన్యముగ ఇరువదిమందికి పైగాను, కొందఱి యొద్ద ఏబది అఱువదిమంది వఱకును, మొత్తము 500 మొదలు 600 వఱకు విద్యార్థులుండిరి. అంతకు పూర్వము వార్డను క్రైస్తవ మతబోధకుడు 1818 ప్రాంతమున ప్రకటించిన పట్టికలో 31 పాఠశాలలును 747 మంది విద్యార్థులును కనబడుచున్నారు. ముఖ్యముగ బోధింపబడు శాస్త్రము న్యాయమే. విద్యార్థులలో వంగీయులే యధికులైనను దూరదేశములవారును, నేపాలము, అస్సాము, తీరభుక్తి మొదలగు ప్రదేశములవారును ఉండిరి. విశేషించి దక్షిణదేశమునుండి వచ్చినవారుండిరనియు, వారిలో కొందఱు సంస్కృతమును ధారాళముగ, నిర్దుష్టముగ మాటాడిరనియు విల్సను మెచ్చుకొని వ్రాసెను.

ఈ వాక్యమును చదివినప్పుడెల్ల నాకు మనస్సు కలగును. రైలులేని కాలమది. గోదావరి, మహానది, సువర్ణరేఖ మొదలగు నదులను దాటి, ఎండకును వానకును ఓర్చి, తెలియని భాష మాటాడు దేశమునకు ఈ దాక్షిణాత్యులు ఏ లాభము కోరి పోయిరి? తిరిగి వచ్చిన పిదప ఉద్యోగమిచ్చువారెవరు? వారు కోరినది పంక్తి లాపనమొక్కటే. చింతామణియందును, దీధితియందును, గాదాధరియందును ఒక్కొక్క పంక్తి యేల వ్రాయబడినది, ఆ పదము తీసివేసిన ఏ దోషము వచ్చును అని గురుముఖమున వినుటయే వారికి నిధి.

ఆ పంక్తుల కాఠిన్యమునకు ఒక యుదాహరణము చెప్పెదను. పొగను చూచి నిప్పు కలదని ఊహింతుము. పొగ యున్నచోట నిప్పుండునను నియమమునకు వ్యాప్తి యని పేరు. ఆ వ్యాప్తికి లక్షణమేమి? సాధ్యము లేనిచోట హేతువు లేకుండుట యని మొదటి లక్షణము. నిప్పు లేని మడుగున పొగ లేదు గనుక సరిపోయినదని విద్యార్థి సంతోషించును. అప్పుడు గురువు అడుగును: ‘ఇది మాటచే చెప్పదగినది, తెలియదగినది గనుక’ అను అనుమానమున నీ లక్షణ మెట్లు పొసగును? న్యాయమతమున మాటచే చెప్పరాని వస్తువు లోకమున లేనేలేదు. సాధ్యము లేనిచోటే దొరకనప్పుడు అచ్చట హేతువు లేదని యెట్లు చెప్పుదువు? విద్యార్థి మౌనము వహించును. మఱునాడు రెండవ లక్షణము. దానికిని దోషము. ఇట్లు అయిదు లక్షణములు పుట్టి అయిదును ఈ సంకటముననే కూలును. దీనికి వ్యాప్తిపంచకమని పేరు. పిదప సిద్ధాంతలక్షణము. తాను కట్టిన మేడను తానే కూల్చి, మరల గట్టి పునాదిపై నిలుపుట నేర్పు చదువిది. మాటను పలుకుటకు ముందు ఆ మాట యెంతవఱకు పోవునో చూచుకొను నలవాటు దీనివలన కలుగును.

ఇక మూడవ ప్రశ్న. ఎవరి యన్నము తిని చదివిరి? విల్సను చెప్పినదేమనగా, విద్యార్థులలో సొంత జీవనాధారము గలవారు దాదాపు లేరు. గురువు జీతము పుచ్చుకొనడు. గుడిసెలు కట్టించి, మరమ్మతు చేయించి, శిష్యుల కన్నవస్త్రములకును సాయపడువాడు గురువే. ఆ గురువునకు నదియా రాజులు పూర్వమిచ్చిన మాన్యములును, చుట్టుపట్ల జమీందారులు పండుగలలో నిచ్చు సంభావనలును ఆధారము. విద్యార్థులకు ఊరి యంగళ్లవారును భూస్వాములును బియ్యము, బట్ట ఇచ్చుచుండిరి. పెద్దపండుగలకు కొన్ని దినములు సెలవు పుచ్చుకొని, ఊరూర యాచించి, మఱుసటి పండుగ వఱకు సరిపోవు గింజలను మూట కట్టుకొని వచ్చుచుండిరి.

దూరదేశములనుండి వచ్చిన విద్యార్థుల కొఱకు ప్రభుత్వము నెలకు 100 రూపాయల భృతి నిచ్చుచుండెను. అది పంచుకొనగా ఒక్కొక్కనికి దక్కునది 12 అణాలు మొదలు రూపాయి వఱకు మాత్రమే. ఆ కొంచెమునుకూడ నిలిపివేయగా విద్యార్థులు అర్జీ పెట్టుకొనిరి. ఆ సందర్భముననే విల్సను విచారణకు పోయెను. విచారణానంతరము భృతి మరల ఇయ్యబడినది. ఇంత కొద్ది సొమ్ముతో ఇంతమంది విద్వాంసులు బ్రతుకుచున్నారే యని ఆ విదేశీయుడు ఆశ్చర్యపడెను. పోషకులగు పెద్దలు ఈ విషయమును చిత్తగింప గోరెదను. నవద్వీపపు కీర్తిని నిలిపినది పెద్ద మేడలు కావు. నెలకు ముప్పాతిక రూపాయియు, అంగడివాని దోసెడు బియ్యమును.

ఇచ్చట పండితుల నోట వినవచ్చు ఒక కథ చెప్పుట అప్రస్తుతము కాదు. పదునెనిమిదవ శతాబ్దియందు నవద్వీపమున రామనాథ తర్కసిద్ధాంతుడను నైయాయికుడు ఊరి వెలుపల అడవిపట్టున పాఠశాల పెట్టుకొని యుండుటచే జనులు అతనిని అడవి రామనాథు డనిరట. కృష్ణనగరపు రాజు ఆయన పేదఱికమును విని స్వయముగ వచ్చి, ‘అయ్యా, మీకేమైన అనుపపత్తి కలదా?’ అని యడిగెను. అనుపపత్తి యనగా లోకమున ఇబ్బంది. శాస్త్రమున పొసగమి. రామనాథుడు కొంచెమాలోచించి, ‘చింతామణి నాలుగు ఖండములందును నాకిప్పుడు అనుపపత్తి యేదియు లేదు’ అని బదులు చెప్పెను. రాజు సంసారవిషయ మడుగుచున్నానని విప్పి చెప్పగా, పెరట చింతచెట్టు కలదు, దాని యాకుతో ఇల్లాలు వండిపెట్టుచున్నది, కొఱత యేమియు లేదనెను. చింతచిగురు రుచి యెఱిగిన మన తెలుగువారికి ఈ కథ మఱింత దగ్గఱగా తోచును.

కథ మనోహరమే. కాని దీనిని చెప్పి, విద్వాంసునికి చింతాకు చాలునని దాతలు చేతులు ముడుచుకొనుట మాత్రము తగదు. రామనాథుడు వలదనుట ఆయన గొప్పతనము. అడుగవచ్చుట రాజు ధర్మము. ఆ రెండును కలిసియే కథ యైనది. పెరట చింతచెట్టుకూడ లేని విద్యార్థులెందఱు శాస్త్రము మధ్యలో విడిచి పోయిరో వారి కథలను చెప్పువారు లేరు.

ఆంగ్లేయుల కాలమున పోషణ మార్గము మాఱినది. 1791లో జొనాతను డంకను కాశియందు సంస్కృత పాఠశాలను స్థాపించెను. 1824లో కలకత్తా సంస్కృత కళాశాల నెలకొనెను. మన విజయనగర మహారాజులు 1860లో తమ పురమున సంస్కృత కళాశాలను స్థాపించిరి. కలకత్తా కళాశాలయందు మొదట బ్రాహ్మణ వైద్యకులముల బాలురకు మాత్రమే ప్రవేశముండెను. ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు 1851లో దానికి అధ్యక్షుడై, ఆ సంవత్సరమే కాయస్థులకును, 1854లో గౌరవస్థులగు హిందువులందఱికిని ద్వారము తెఱపించెను. సంస్కృతమున తలపండిన ఆ మహాపండితుడే ద్వారము తెఱచినవాడగుట మనము మఱవరానిది. శాస్త్రమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి వలయును. విద్యార్థికిని అవియే వలయును. చదువవలయునను ఆకాంక్ష, గ్రహింపగల యోగ్యత, గురువుతోడి సన్నిధి. ఇందు పుట్టుక యను నాలుగవ నియమమును చేర్చినవారు తర్కమునకు దోషమునే చేర్చిరి. నేటి విశ్వవిద్యాలయములందు ఏ కులమువారైనను, స్త్రీలైనను పురుషులైనను, న్యాయశాస్త్రము చదువ నర్హులే. ఇది మన తరము చూచిన మంచి మార్పు.

పాశ్చాత్యులును ఈ విద్య మార్గముననే నడచుచున్నారని తెలియుటకు కొంత కాలము పట్టినది. జర్మను దేశీయుడగు ఫ్రేగె 1892లో పదముయొక్క అర్థమును, ఆ పదము సూచించు వస్తువును వేఱుపఱచి చూపెను. ఆంగ్లేయుడగు రస్సెలు 1905లో, లేని వస్తువును గూర్చి చెప్పు వాక్యమునకు అర్థమెట్లు కలుగునని విచారించి, వాక్యమును విడదీసి వివరించెను. ‘కుందేటికొమ్ము లేదు’ అను వాక్యముపై మన నైయాయికులు చేసిన పని యిట్టిదే. కుందేటికొమ్మను వస్తువే లేనప్పుడు లేదని దేనిని గూర్చి చెప్పుచున్నాము? కుందేటియందు కొమ్ముయొక్క అభావము కలదని ఆ వాక్యమునకు వివరణము. కుందేలు ప్రసిద్ధము, కొమ్ము ప్రసిద్ధము. లేనిది ఆ రెంటి సంబంధమే.

అమెరికాయందు హార్వర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన డేనియలు ఇంగల్సు కలకత్తాలో కాళీపద తర్కాచార్యుల యొద్ద నవ్యన్యాయము పఠించి, 1951లో ఆ శాస్త్రమును గూర్చి గ్రంథము ప్రకటించెను. అందు సంఖ్యావిషయమున నవ్యుల మతమును ఫ్రేగె మతముతో పోల్చి చూపెను. ఆయన శిష్యుడు బిమలకృష్ణ మతిలాలు కలకత్తా సంస్కృత కళాశాలలో అధ్యాపకుడై యుండి, పండితుల సన్నిధిని చదివి, 1962లో తర్కతీర్థ బిరుదమును పొంది, పిదప హార్వర్డునకు పోయి 1965లో డాక్టరు పట్టమును గాంచెను. అభావమును గూర్చిన నవ్యన్యాయ సిద్ధాంతముపై ఆయన గ్రంథము 1968లో వెలువడినది. 1976లో ఆక్సుఫర్డునందు స్పాల్డింగు ఆచార్యపీఠము నధిష్ఠించి, 1991లో కీర్తిశేషుడగు వఱకు, శబ్దార్థవిచారమున మన పూర్వుల వాదములను నేటి తార్కికుల సభలో నిలిపెను. టోలు చదువును విశ్వవిద్యాలయపు చదువును ఒకే మనుష్యునియందు కలిసినచో ఏమి జరుగునో ఆయన చూపించెను.

సంఖ్యావిషయమని పైన చెప్పితిని. దాని ప్రయోజనము ఇంటివిషయమున చూపెదను. ‘ఇరువురు’ అనుట యందలి రెండను సంఖ్య రామునియందును కలదు, కృష్ణునియందును కలదు అన్నచో, రాముడొక్కడే ఇరువురనవలసి వచ్చును. కావున ఆ సంఖ్య ఇద్దఱియందును కలిసియే పూర్తియగునని చెప్పి, దానికి పర్యాప్తి యను సంబంధమును నవ్యు లంగీకరించిరి. ఇప్పుడొక పెద్ద దస్తావేజున ‘నా భూమిని నా కుమారులకును నా కుమార్తెకును సమముగ ఇయ్యవలయును’ అని వ్రాసి కన్నుమూసెననుకొందము. కుమారులు ముగ్గురు. ఆ సమత్వము నలుగురియందు తలకొకటిగ పూర్తియగునా, కుమారుల గుంపొకటి కుమార్తె యొకతె యని రెండు పాళ్లుగ పూర్తియగునా? మొదటి పక్షమున ఆమెకు నాలుగవ వంతు, రెండవ పక్షమున సగము. వ్రాసినవాని మనస్సున నున్నది వేఱు, కాగితముపై నున్నది వేఱు. ఒక్క పదముచే తేలవలసిన దానికి తోబుట్టువులు న్యాయస్థానముల మెట్లెక్కి మాటలు మానుకొనిన కుటుంబములు ప్రతి ఊరను కలవు. తర్కము చదివినందువలన ప్రయోజనమేమని అడుగువారికి నా సమాధాన మిదియే.

మన సీమయందు నేడు ఈ విద్యకు స్థానము లేకపోలేదు. తిరుపతియందు 1961లో స్థాపితమైన కేంద్రీయ సంస్కృత విద్యాపీఠము 1987లో విశ్వవిద్యాలయ ప్రతిపత్తిని, 2020లో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయమను పేరుతో కేంద్ర విశ్వవిద్యాలయ పదవిని పొందినది. అచ్చట శాస్త్రి, ఆచార్య, విద్యావారిధి పట్టములకు న్యాయవ్యాకరణములను చదువవచ్చును. అచ్చట కులపతిగా నుండిన ఎన్. ఎస్. రామానుజ తాతాచార్యులవారు శాబ్దబోధమీమాంస యను మహాగ్రంథమును సంస్కృతమున రచింపగా, పాండిచేరియందలి ఫ్రెంచి సంస్థ పెక్కు సంపుటములుగ ప్రకటించినది. తెనాలి పేర ప్రసిద్ధమైన శాస్త్రపరీక్ష మఱియొకటి. అందు విద్యార్థి గురువు నొద్ద పాఠము చెప్పుకొని, క్రమముగ పదునాలుగు అంచెల పరీక్షలను దాటవలయును. ఇది పట్టము కొఱకు పరుగెత్తు చదువు కాదు. పంక్తికి పంక్తి కూర్చుండి చదువు చదువు.

కాని ఇట్టి చదువునకు పట్టు కాలము తగ్గలేదు. తర్కసంగ్రహము, దీపిక, విశ్వనాథుని పేర ప్రసిద్ధమైన ముక్తావళి, వ్యాప్తిపంచకము, సిద్ధాంతలక్షణము, సామాన్యనిరుక్తి, వ్యుత్పత్తివాదము, శక్తివాదము, ఈ సోపానములలో ఒక్కదానిని దాటవేసినను పైమెట్టున కాలు నిలువదు. గంటకు గంట తూచి పాఠములు పంచు నేటి పద్ధతిలో, రెండేండ్ల పట్టముతో వీనినెల్ల ముగించుట ఎట్టి మేధావికైనను కష్టమే. తోడి బాలురు సంపాదనకు పోవుచుండగా ఇరువదియేండ్ల యువకుడో యువతియో ఇంకను గ్రంథము ముందు కూర్చుండవలెనన్న, తలిదండ్రుల ధైర్యమొక్కటి చాలదు. నవద్వీపమున దక్షిణాదివానికి దొరకిన అంగడివాని బియ్యమువంటిది నేడును దొరకవలయును.

కావున విద్యాపోషకులగు మహాజనులకు నా విన్నప మొక్కటి. బహుమతులును సన్మానములును మంచివే. పరీక్షలో నెగ్గినవానికి శాలువ కప్పుట చూచువారికి సంతోషకరము. అయితే శాస్త్రవిద్యకు వలయునది నెగ్గిన పిదప ఇచ్చు శాలువ కాదు, చదువుచున్నంత కాలము తప్పక చేరు భృతి. ఏటేట పదుగురకు పంచు ద్రవ్యమును కూర్చి, ఒక్క విద్యార్థిని మొదటి మెట్టునుండి చివరి మెట్టు వఱకు, నడుమ నిలుపక పోషించిన, ఒక తార్కికుడు తయారగును. ఆ యొక్కడు పదుగురకు పాఠము చెప్పును. నడుమ నిలుపబడిన భృతి యెంత దుఃఖము తెచ్చునో నవద్వీప విద్యార్థుల అర్జీయే సాక్ష్యము.

నాడు దక్షిణదేశమునుండి నడచిపోయిన ఆ విద్యార్థులకు నవద్వీపపు ఊరివారు చుట్టములు కారు, ఒక భాషవారు కారు. అయినను దోసెడు బియ్యము పెట్టిరి. ఆ యన్నము తిన్నవారి విద్యయే గురుశిష్యపరంపరగ నేటి మన పాఠశాలలకు చేరినది. ఆ ఋణము మనపై నున్నది. దానిని తీర్చుటకు నవద్వీపము దాక పోనక్కఱలేదు. మన వాకిట నిలిచిన విద్యార్థిని, ఎవరి బిడ్డయైనను, ‘నాయనా, నీకేమైన అనుపపత్తి కలదా?’ అని యడిగిన చాలును.